పదకొండింటికి అమ్మకం, పన్నెండింటికి పెళ్ళి

మా మేనకోడలి ఇంట్లో గోళీ ఎక్కడ పెట్టినా వంటగదిలోకే దొర్లేది. మొదటి ఏడాది అందరం నవ్వాం. రెండో ఏడాది గోడ మీద వెంట్రుకంత బీట కనిపించింది. మూడో ఏడాది ఆ బీటలో నా చూపుడువేలు పట్టింది. అప్పటికి నవ్వేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఒకప్పుడు అక్కడ రాతి గని ఉండేది. దాన్ని మట్టితో పూడ్చి ఇళ్ళు కట్టారు. నేను మున్సిపాలిటీలో ముప్ఫై మూడేళ్ళు పటాలు గీశాను. కొత్త పటంలోంచి ఆ గనిని చెరిపేసింది నా చేతిలోని రబ్బరే. మేనకోడలు అప్పు చేసి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు కొనేసి, ఒకరోజు తాళంచెవి తెచ్చి నా కళ్ళముందు ఆడించింది. వీధి పేరు అప్పుడు చెప్పింది. నేను నోరు తెరవలేదు. మనిషి ముఖం అంతగా వెలిగిపోతుంటే గని సంగతి ఎవరెత్తుతారు?

ఆమెకి ముప్ఫై ఆరేళ్ళు. సొంతంగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతుంది. ఎదుటివాళ్ళ చూపులో పావు పాయింటు తేడా ఉన్నా పట్టేస్తుంది. తన ఇంటి నేల మూడంగుళాలు కుంగిన సంగతి పట్టుకోవడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

ఆమె దుకాణానికి ఎదురుగా బేకరీ ఉంది. బేకరీ యజమానిని మేమందరం రొట్టెలాయన అంటాం. ఆయన ఒకసారి కళ్ళజోడు కోసం వచ్చాడు. తర్వాత అవసరం లేకపోయినా నెలకోసారి వచ్చి చూపు పరీక్ష చేయించుకున్నాడు. ఏడాదిలో పన్నెండుసార్లు పరీక్ష చేయించుకున్న కళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేవు. పదమూడోసారి మేనకోడలే అడిగిందట, "మీకు కనపడనిది ఏమైనా ఉందా, లేక చెప్పలేనిది ఏమైనా ఉందా?" అని. అలా పెళ్ళి కుదిరింది.

చిక్కంతా ఇంటితో వచ్చింది. కుంగుతున్న ఇంటికి ఎవరు ఎంతిస్తారు? ఎంత తిప్పలు పడినా, వచ్చే సొమ్ము బ్యాంకు అప్పులో మూడింట రెండు వంతులకే సరిపోతుంది. మిగిలిన మూడో వంతుకు ఆమె దగ్గర దారి లేదు. ఆర్నెల్లు తిరిగితే బ్యాంకు ఒక ఉత్తరం ఇచ్చింది. ఫలానా తేదీ సాయంత్రం నాలుగింటిలోగా ఇల్లు అమ్మి, వచ్చిందంతా కట్టేస్తే, మిగతాది మాఫీ. ఆమె ఒంటరి మనిషి, ఆదాయం దుకాణం ఒక్కటే కాబట్టి ఈ దయ. అమ్మకం నాటికి ఆమెకి భర్త ఉంటే మాత్రం ఆయన సంపాదనా, దాచుకున్నదీ కూడా లెక్కలోకి వస్తాయి. మాఫీ ఉండదు. ఆ మూడో వంతుకు ఆయన కూడా సంతకం పెట్టాలి.

రొట్టెలాయన కొత్త పొయ్యి కొనాలని పదకొండేళ్ళుగా దాచుకున్న డబ్బు ఉంది. అది ఆ మూడో వంతుకు సమానం. చీటీ రాసి సరిపోల్చినట్టు సమానం.

మేనకోడలు దాపరికం లేని మనిషి. నేరుగా బ్యాంకు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, "పెళ్ళి చేసుకోబోతున్నాను, మరి ఎలా?" అని అడిగేసింది. ఆఫీసరు సన్నటి మనిషి, నవ్వితే ఖర్చయిపోతుందేమో అన్నట్టుంటాడు. కాగితం మీంచి తల ఎత్తకుండా, "అమ్మకం సంతకం పెట్టేటప్పుడు మీరేమిటో అదే మాకు కావాలి. ఆ తర్వాత గంటకి ఏమవుతారో అది మీ సంతోషం," అన్నాడట. ఉత్తరం కింద ఆ మాట చేత్తో రాసి సంతకం కూడా పెట్టాడు. అలాంటి ఆఫీసర్లు ఉంటారని నాకు అప్పటిదాకా తెలీదు.

నిజానికి అమ్మకం పెళ్ళికి వారం ముందే జరగాలి. కొనే ఆయన కాగితాలు మూడుసార్లు వెనక్కి వచ్చాయి. చివరికి మిగిలింది ఉత్తరంలోని ఆఖరి రోజు. పెళ్ళికి రెండు నెలల కిందట దొరికిన తేదీ కూడా అదే. అది వదులుకుంటే మళ్ళీ ఏడు వారాలు ఆగాలన్నారు. రెండు పనులూ ఒకే రిజిస్ట్రారు ఆఫీసులో. కింద అంతస్తులో ఆస్తులు, పై అంతస్తులో పెళ్ళిళ్ళు. మేనకోడలు లెక్క వేసింది.

"పదకొండింటికి అమ్మకం, పన్నెండింటికి పెళ్ళి. మధ్యలో గంట ఉంది మావయ్యా. మెట్లు ఎక్కడానికి రెండు నిమిషాలు చాలు."

మా అక్కయ్య, అంటే ఆమె తల్లి, ఆ రోజు తొమ్మిదింటికే వచ్చి ఆఫీసు వరండాలో బెంచీ పట్టేసింది. పెళ్ళికి సాక్షులం ఆవిడా నేనూ. బెంచీకి నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో కూర్చుంటున్నవాణ్ణి కనక అది నాకు పెద్ద భోగమనిపించింది.

పదకొండయింది. బ్యాంకు ఆఫీసరు వచ్చి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రొట్టెలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెవి వెనక కాస్త పిండి ఉంది. ఇల్లు కొనే వడ్రంగి మాత్రం రాలేదు.

పదకొండున్నరకి మేనకోడలు ఫోను చేసింది. అందరం వినేలా స్పీకరు పెట్టింది.

"ఎక్కడున్నారండీ?"

"మీ ఇంట్లోనేనమ్మా." వడ్రంగి గొంతు బోలుగా వినిపించింది. "ఖాళీ ఇల్లు ఒకసారి చూసుకుందామని వచ్చా. రసమట్టం పెట్టి చూశా. అబ్బ, ఏం వాలిందమ్మా! ఇలాంటి వాలు నా సర్వీసులో చూళ్ళేదు. కింద జాకీలు పెట్టి లేపుతా చూడండి, పువ్వులా లేస్తుంది."

"లేపుదురుగాని. ముందు ఇక్కడికి రండి. డ్రాఫ్టు తెచ్చారుగా?"

అటువైపు గోడ మీద తట్టిన చప్పుడు వినిపించింది.

"దాని గురించే చేద్దామనుకుంటున్నా ఫోను. వంటగది గోడలో బీట ఉంది చూశారూ? ఎంత లోతుందో చూద్దామని చేతిలో ఉన్న కాగితం దూర్చా."

"దూర్చి?"

"లోపలికి పడిపోయింది."

"ఏ కాగితం?"

"మీ డ్రాఫ్టేనమ్మా."

మా అక్కయ్య తల పట్టుకుంది. బ్యాంకు ఆఫీసరు సంచీ పట్టుకున్నాడు.

"గోడ కాస్త పగలగొట్టాలి," అన్నాడు వడ్రంగి చాలా మర్యాదగా. "నేను పగలగొట్టేసేవాణ్ణే. కానీ ఇల్లు ఇంకా మీది కదా. అడక్కుండా ఎలా?"

"పగలగొట్టండి మహానుభావా!" అంది మేనకోడలు. "మొత్తం పగలగొట్టండి!"

"మొత్తం వద్దమ్మా. కాసేపట్లో అది నాదేగా."

పన్నెండు కాకముందే పైనుంచి బంట్రోతు దిగి మా టోకెను నంబరు పిలిచాడు. మూడుసార్లు పిలిచాక పలక్కపోతే తేదీ పోతుందని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"లేవండి లేవండి," అంది మా అక్కయ్య. "ఇల్లు పోతే పోనీ, పెళ్ళి ఆపకూడదు."

"అమ్మా, ముందు పెళ్ళయితే అప్పు ఈయన నెత్తిన పడుతుంది. నీకు ఎన్నిసార్లు చెప్పను?"

"పడితే పడనీ," అన్నాడు రొట్టెలాయన.

మేనకోడలు ఆయనవైపు తిరిగింది. వరండాలో స్టాంపు కాగితాల కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగారు.

"ఏంటి పడనిచ్చేది? పదకొండేళ్ళ డబ్బు!"

"డబ్బే కదా. ముందు పైకి వెళ్దాం. నీ అప్పులో సగం నాది, అంతే."

"సగం కాదు, మొత్తం నీదే అవుతుంది. నా దగ్గర ఏముందని సగం పెట్టను?"

"అయితే మొత్తం నాదే. నీకేం బాధ?"

"ఆ ఇల్లు కొనేముందు ఎవరినీ అడగలేదు. నేనే తొందరపడి కొన్నాను. నా బుద్ధితక్కువకి నీ పొయ్యి ఎందుకు తాకట్టు పడాలి?"

"నెల రోజులుగా ఇదే మాట. తేదీలు చూసి, గంటలు చూసి, నాకు మసి అంటకుండా నన్నో గాజుబొమ్మలా పక్కన పెడుతున్నావు. నేను పొయ్యి దగ్గర పనిచేసేవాణ్ణి. మసి నాకు కొత్తేంటి?"

మేనకోడలికి ఆయన చెవి వెనక పిండి కనిపించినట్టుంది, చీర చెంగుతో తుడిచింది. కానీ మెట్ల వైపు అడుగు వెయ్యలేదు.

బంట్రోతు రెండోసారి పిలిచాడు.

"పైకి వెళ్దాం పదండి," అన్నాను నేను. "వెళ్ళినంత మాత్రాన పెళ్ళయిపోదు. ఫారాలు నింపాలి, సాక్షి సంతకం పెట్టాలి. సాక్షిని నేను. నాకు అరవై ఎనిమిదేళ్ళు."

మేనకోడలు నన్ను తేరిపార చూసింది. "అయితే?"

"అయితే, నేను కొంచెం నిదానం."

పెళ్ళిళ్ళ కౌంటరులో ఉన్న గుమస్తావిడ మా అక్కయ్య వయసు మనిషి. బల్ల మీద సీళ్ళు సైజుల వారీగా పేర్చుకుంది. సాక్షుల ఫారం నా ముందు పెట్టింది. నేను జేబులు తడుముకున్నాను.

"అయ్యో, కళ్ళజోడు మరిచిపోయానండీ."

ఆవిడ సొరుగు లాగింది. అందులో పది పన్నెండు జతల కళ్ళజోళ్ళున్నాయి.

"ఈ కౌంటరు దగ్గర మరిచిపోయినవే ఇవన్నీ. మీకేది సరిపోతే అది పెట్టుకోండి."

ఒక్కొక్కటీ పెట్టుకుని చూడటంలో పది నిమిషాలు గడపొచ్చని నేను లోలోపల మురిసిపోయాను. రెండోది తియ్యబోతుండగా వెనకనుంచి మేనకోడలు, "అది కాదు మావయ్యా, ఆ నల్లఫ్రేముది. నీ నంబరు అదే," అంది. అని, నాలిక కరుచుకుంది. వృత్తి మనిషిని ఎంత దారుణంగా పట్టిస్తుంది!

నల్లఫ్రేము సరిగ్గా సరిపోయింది. అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. నేను కలం రాయట్లేదన్నాను. ఆవిడ ఇంకో కలం ఇచ్చింది. ఫారం మొదటినుంచి చివరిదాకా చదవకుండా ఏదీ నింపడం నాకు అలవాటు లేదన్నాను. అది నిజమే. పైకి చదివాను, ఒత్తులూ దీర్ఘాలూ పలుకుతూ.

"ఒరేయ్, పాఠం చెబుతున్నావా, పెళ్ళి చేస్తున్నావా?" అంది మా అక్కయ్య. ఆవిడ తన ఫారం రెండు నిమిషాల్లో నింపేసి, కింద ఒక గీత కూడా గీసేసింది.

"పెద్దాయనా," అంది గుమస్తావిడ గొంతు తగ్గించి, "ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. కళ్ళజోడు, కలం, చదవడం... ఈ వరస నాకు తెలుసు. పెళ్ళి ఇష్టం లేని ఇళ్ళవాళ్ళు చేస్తారు. పిల్లకి ఇష్టం లేదా?"

"చాలా ఇష్టమండీ."

"మరి మీకా?"

"నాకు అంతకన్నా ఇష్టం." చెప్పకుండా ఉండలేకపోయాను. ఇల్లు, బ్యాంకు ఉత్తరం, గోడలో డ్రాఫ్టు, అన్నీ చెప్పేశాను. ఆవిడ సీళ్ళు సర్దుకుంటూ విన్నది.

"నేనేం వినలేదు," అంది. "ఒక ఫారానికి ఇరవై నిమిషాలకన్నా ఎక్కువ తీసుకుంటే తర్వాతి టోకెను పిలవాలి. మీకు పద్ధెనిమిది అయ్యాయి. నింపండి."

ఇక దారి లేదు. వెనకనున్న బెంచీ మీద రెండు జంటలు ఎదురుచూస్తున్నాయి. వాళ్ళ రోజు చెడగొట్టే హక్కు నాకు లేదు. బుద్ధిగా నింపడం మొదలుపెట్టాను. పేరు, వయసు, చిరునామా. గబగబా రాసేసి ఇచ్చేశాను.

ఆవిడ సీలు ఎత్తి, ఆగింది.

"ఇక్కడ వివాహితుడు అని గీత పెట్టారు. భార్య పేరు రాశారు. చిరునామా పక్కనే 'అదే ఇల్లు' అని కూడా రాశారు."

"అవునండీ."

"ఆవిడ రాలేదా?"

అప్పుడు చూసుకున్నాను. కింద మూడో గడి ఉంది, భార్య గతించినవాడు అని. అది నా కంటికి కనపడనే లేదు. నల్లఫ్రేములో అన్ని అక్షరాలూ కనపడుతూనే ఉన్నాయి.

"లేదండీ," అన్నాను. "ఆరేళ్ళయింది, పోయి. కావాలని రాయలేదు. ఇది మాత్రం కావాలని కాదు."

మా అక్కయ్య నా వీపు మీద చెయ్యి వేసింది. ఏమీ అనకుండా ఊరుకుంది. మా అక్కయ్య ఊరుకోవడం ఎంత అరుదో తెలిస్తే ఆ చెయ్యి బరువు ఎంతో తెలుస్తుంది.

గుమస్తావిడ ఫారాన్ని తనవైపు తిప్పుకుంది. ఎర్ర కలం తీసి నా గీతను కొట్టేసి, మూడో గడి వైపు చిన్న బాణం వేసింది. నా భార్య పేరు మీద మాత్రం గీత పెట్టలేదు. దాన్ని వదిలేసి, చుట్టూ సన్నటి సున్నా చుట్టింది.

"ఇది దిద్దుబాటు," అంది మళ్ళీ ఆఫీసు గొంతుతో. "దిద్దుబాటు ఉన్న ఫారానికి పైఆఫీసరు పొట్టి సంతకం కావాలి. ఆయన భోజనానికి వెళ్ళారు, మూడింటికి గాని రారు. అంతవరకూ మీ టోకెను నా దగ్గరే ఉంటుంది, పోదు. మీరు కింద కూర్చోవచ్చు."

"ఇది నిజంగా రూలేనా అండీ?" అని అడిగాను.

"మీకు కావాలంటే రూలు నంబరు రాసిస్తాను." మా టోకెనును గుండుసూదుల డబ్బా కింద పెట్టింది. "తర్వాత ఎవరండీ?"

కింద వరండాలో మేమంతా వరసగా కూర్చున్నాం. రొట్టెలాయన తన సంచీలోంచి బన్నులు తీసి అందరికీ పంచాడు. బ్యాంకు ఆఫీసరు వద్దన్నాడు. రెండోసారి అడిగితే ఒకటి తీసుకున్నాడు. మూడోసారి అడక్కుండానే తీసుకున్నాడు. మేనకోడలూ రొట్టెలాయనా బెంచీకి చెరో చివరా కూర్చున్నారు, మధ్యలో మా అక్కయ్యని గోడలా పెట్టుకుని.

మూడుంపావుకి వడ్రంగి వచ్చాడు. తలనుంచి కాళ్ళదాకా సున్నం. రెండు చేతులతో డ్రాఫ్టును పసిబిడ్డలా పట్టుకున్నాడు.

"దొరికిందమ్మా! అడుగున ఇటుక మీద కూర్చుని ఉంది. ఒక మూల మాత్రం చిరిగింది."

బ్యాంకు ఆఫీసరు లేచి నిలబడి, బన్ను తిని తుడుచుకున్న వేళ్ళతో దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. మేమందరం ఆయన ముఖంలోకి చూశాం.

"అంకెలున్నాయి. సంతకాలున్నాయి. మూల మాకక్కర్లేదు," అన్నాడు.

సంతకాల బల్ల దగ్గర ఆయన తన కాగితం తీసి, పద్ధతి ప్రకారం అడిగాడు.

"ఈ క్షణాన మీరు వివాహితులా?"

"కాదు," అంది మేనకోడలు.

"అదేగా మా ఏడుపు!" అంది వెనకనుంచి మా అక్కయ్య.

మూడు గంటల ముప్ఫై ఒక్క నిమిషానికి అమ్మకం సీలు పడింది. ఆ పక్కనే ఆఫీసరు మాఫీ కాగితం మీద సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాడు. ఇస్తూ ఒక చిన్న నవ్వు ఖర్చు పెట్టాడు. మేనకోడలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది, కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి. తర్వాత గోడవైపు తిరిగి కాసేపు నిలబడింది.

పైన పొట్టి సంతకం సిద్ధంగా ఉంది. గుమస్తావిడ ఎవరినీ ఏమీ అడగలేదు. మూడు యాభైకి పెళ్ళి సీలు పడింది. ఆవిడ అన్ని సీళ్ళకన్నా పెద్ద సీలే వేసింది, గట్టిగా. నేను నల్లఫ్రేము కళ్ళజోడు తిరిగి సొరుగులో పెట్టి, నమస్కారం చేశాను.

మెట్లు దిగుతుంటే రొట్టెలాయన సంతోషంగానే ఉన్నాడు గానీ, బహుమతుల రోజున అందరికీ వచ్చి తనకొక్కడికే రాని పిల్లాడిలా కూడా ఉన్నాడు. భార్య చేతిలోని మాఫీ కాగితాన్ని మాటిమాటికీ చూస్తున్నాడు. అందులో ఎక్కడా ఆయన పేరు లేదు.

గేటు దగ్గర సామాను లారీ డ్రైవరు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, పొద్దున తొమ్మిదింటికి మీ ఇంటి సామాను ఎక్కించా. పదింటి నుంచి ఇక్కడే ఉన్నా. వెయిటింగు ఛార్జీ ఇస్తేనే బండి కదిలేది."

మేనకోడలు పర్సు తెరిచింది. రొట్టెలాయన చటుక్కున ముందుకొచ్చాడు.

"ఆగు. పెళ్ళి ఎన్నింటికి అయింది?"

"మూడు యాభైకి."

"ఇప్పుడెంత?"

"నాలుగూ పది."

"అయితే ఇరవై నిమిషాల వెయిటింగు మనిద్దరిదీ," అన్నాడు, చాలా పట్టుదలగా. "పది నిమిషాల డబ్బు నాది. నేనే ఇస్తా. ఇందులో నీ మాట చెల్లదు."

"పది నిమిషాలకి ఎంతవుతుందో కూడా తెలియాలిగా సార్," అన్నాడు డ్రైవరు. "మీరు లెక్క తేల్చేలోగా ఇంకో పది అవుతుంది."

"కానివ్వు. అందులోనూ సగం నాదే."

మేనకోడలు పర్సు పట్టుకుని ఆయన్ని చూస్తూ నిలబడింది. పొద్దున్నుంచి గడియారాన్ని చూసిన కళ్ళతో కాదు. పావు పాయింటు తేడా పట్టే కళ్ళతో.

"పదింటి నుంచీ," అంది.

"ఏంటి?"

"మొత్తం సగం సగం. పొద్దున పదింటి నుంచీ."

"పదింటికి మనకి పెళ్ళి కాలేదు కదా?"

"బ్యాంకుకి కాలేదు," అంది. "త్వరగా తీయి, ఆయన ఎంతసేపు నిలబడతాడు?"

రొట్టెలాయన జేబులన్నీ తిరగేశాడు. నోట్లతోపాటు బేకరీ చిల్లరంతా బయటపడింది. తన సగం లెక్కపెట్టి డ్రైవరు చేతిలో పోస్తుంటే ఆయన ముఖం చూడాలి. బాకీ తన వాటాకి వచ్చినందుకు అంతగా పొంగిపోయిన మనిషిని నా జన్మలో చూడలేదు. డ్రైవరు కూడా ఎప్పుడూ చూసినట్టులేదు. చిల్లర పట్టుకుని, "ఇంకా ఏమైనా ఉందా సార్?" అని అడిగాడు.